మాక్రోడ్రాయిడ్: ఫోన్‌కి పనులు పురమాయించాలంటే

ఆండ్రాయిడ్‌లో ఆటోమేషన్ (పనులు వాటంతటవే జరిగేలా చేయడం) అనగానే టాస్కర్ యాప్ పేరే చెబుతారు గానీ, కొత్తవాళ్లకి మాక్రోడ్రాయిడ్ యాపే నయం. ట్రిగ్గర్ (ఎప్పుడు మొదలవ్వాలి), యాక్షన్ (ఏం చేయాలి) నింపితే మాక్రో, అంటే ఫోన్‌కి పురమాయించే ఒక పని, తయారు. కన్‌స్ట్రెయింట్ (ఏ షరతు మీద) కావాలంటే పెట్టుకోవచ్చు. చార్జింగ్ 80 శాతానికి రాగానే ఫోన్ నోరు విప్పి చెప్పాలనుకోండి. ట్రిగ్గర్‌గా బ్యాటరీ లెవెల్ 80కి పెరగడం, యాక్షన్‌గా స్పీక్ టెక్స్ట్, కన్‌స్ట్రెయింట్‌గా ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు సమయం. ఈ చివరిది వదిలేస్తే అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు!

అసలు తిప్పలు వేరే ఉన్నాయి. నిన్న పనిచేసిన మాక్రో ఇవాళ మూగబోయిందంటే, బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే యాప్‌ని వెనకాల ఆపేసి ఉంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మాక్రోడ్రాయిడ్ బ్యాటరీ వాడకాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్‌కి మార్చండి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. ట్రిగ్గర్ పడిందో లేదో యాప్‌లోని సిస్టమ్ లాగ్ చెబుతుంది. ముందు అది చూడకుండా మాక్రోని కెలకొద్దు.

ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లు వైఫైని నేరుగా ఆన్, ఆఫ్ చేయలేవు. దానికి విడిగా హెల్పర్ యాప్ వేసుకోవాలి, అది కాస్త చిరాకే. ఉచితంగా వాడితే 5 మాక్రోలే, పైగా ప్రకటనలు. ఆ అయిదూ రోజూ పనికొస్తున్నాయని తేలాకే ప్రో కొనండి.