డెవార్డా అల్లాయ్ పౌడర్: స్వచ్ఛత సరే, నలుగుడు సంగతేంటి?

ఎరువుల శాంపిళ్లలో నైట్రేట్ రూపంలో ఉన్న నత్రజనిని కొలవడం నా పని. డెవార్డా అల్లాయ్ అనే లోహమిశ్రమం పొడి లేనిదే మా బెంచ్ మీద పని నడవదు. పాత సీసా అయిపోవడంతో ఈసారి వేరే కంపెనీది తెప్పించాం. పక్క బెంచ్ వాళ్లు అదే ఆర్డర్‌లో నికెల్-అల్యూమినియం పొడి కూడా పెట్టారు. దాని గురించి చివర్లో చెప్తాను.

ఈ పొడిలో రాగి సుమారు 50 శాతం, అల్యూమినియం 45, జింక్ 5 ఉంటాయి. 19వ శతాబ్దం చివర్లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త ఆర్తురో డెవార్డా చిలీ సాల్ట్‌పీటర్‌లో నైట్రేట్ కొలవడానికి దీన్ని వాడాడు. క్షారంలో అల్యూమినియం కరుగుతూ నైట్రేట్‌ను అమ్మోనియా దాకా క్షయకరణం చేస్తుంది. ఆ అమ్మోనియాను డిస్టిల్ చేసి, రిసీవర్‌లోని బోరిక్ ఆమ్లంలో పట్టి, ఎంతుందో టైట్రేషన్‌తో కొలుస్తాం. రాగి ఇంత చేరడం వల్లే లోహం పెళుసుబారి పొడిగా నలుగుతుంది. మెత్తటి అల్యూమినియం ముక్కను అలా నూరడం ఎవరి తరమూ కాదు.

నలుగుతుంది సరే, ఎంత మెత్తగా? ఈ సీసా లేబుల్ మీద లోహాల శాతాలు, లాట్ నంబరు అన్నీ ఉన్నాయి. రేణువుల సైజు మాత్రం లేదు. మూత తీసి చూస్తే సగం దుమ్ము, సగం ఇసుక. దుమ్ము వేడి క్షారం తగలగానే ఒక్కసారిగా పొంగి, నురగ ఫ్లాస్క్ మెడ దాకా వస్తుంది. ఆ తుంపర ఆవిరితో పాటు రిసీవర్‌లోకి దాటిందంటే క్షారం కూడా అమ్మోనియా లెక్కలోకి వచ్చి ఫలితం పెరుగుతుంది. పైగా అంత వేగంలో అల్యూమినియం చాలావరకు నైట్రేట్‌ను అందుకోకుండా హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే ఖర్చయిపోతుంది. గరుకు రేణువులదేమో ఇంకో గోల: డిస్టిలేషన్ ముగిశాక కూడా అడుగున బుసబుసలాడుతూనే ఉంటాయి. అప్పుడు ఫలితం తగ్గుతుంది. ఒకే శాంపిల్‌కి రెండు రీడింగులు ఎటో ఒకటి పోతుంటే టెన్షన్ రాదా మరి!

యూరప్ ఎరువుల పరీక్షా పద్ధతిలో దీనికి స్పష్టమైన కొలత ఉంది. పొడిలో 90 నుంచి 100 శాతం 0.25 మి.మీ. జల్లెడ దాటాలి, 50 నుంచి 75 శాతం 0.075 మి.మీ. జల్లెడ దాటాలి. ఈ సంగతే సరఫరాదారుకి రాస్తే, సీసాతో వచ్చిన సర్టిఫికెట్‌నే మళ్లీ పంపారు. చేసేదిలేక మేమే జల్లించి, గరుకుది పక్కన పెట్టాం. ఆ తర్వాత శుద్ధమైన పొటాషియం నైట్రేట్‌తో చూస్తే, లెక్క ప్రకారం రావాల్సిన 13.85 శాతం నత్రజనికి దగ్గరగా, నిలకడగా వచ్చింది.

మెచ్చుకోవాల్సింది బ్లాంక్, అంటే శాంపిల్ లేకుండా నడిపే పరీక్ష. కొన్ని డెవార్డా పొడుల్లోనే కాస్త నత్రజని ఉంటుంది, అప్పుడు బ్లాంక్‌లోనూ టైట్రేషన్ కదులుతుంది. దీనిది చాలా తక్కువ, ఎప్పుడు చూసినా ఒకేలా ఉంది. లోపలి సీల్ కూడా గట్టిది. తేమ తగిలితే పాడయ్యే సరుక్కి అది పెద్ద విషయమే.

నికెల్-అల్యూమినియం పొడికి వంక పెట్టలేను. సగం-సగం మిశ్రమం, మెష్ సైజు (జల్లెడ కొలత) లేబుల్ మీదే ఉంది, రేణువులు సమానంగా ఉన్నాయి. అమెరికా ఇంజనీర్ ముర్రే రేనీ 1920ల్లో చూపిన దారే: క్షారంలో కొద్దికొద్దిగా వేస్తే అల్యూమినియం కరిగిపోయి, సన్నటి రంధ్రాలతో నికెల్ మిగులుతుంది. హైడ్రోజనేషన్‌కి, అంటే పదార్థాలకు హైడ్రోజన్ చేర్చడానికి, అదే ఉత్ప్రేరకం. నీళ్ల అడుగునే దాచాలి, ఫిల్టర్ పేపర్ మీద ఆరనిస్తే దానంతటదే అంటుకుంటుంది. ఈ హెచ్చరిక సీసా మీద ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. అదే పొడిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నేరుగా వేసి క్యాన్సర్ కలిగించగల నైట్రోసమైన్ వ్యర్థాలను నిర్వీర్యం చేయడానికీ వాడుతున్నారు పక్క బెంచ్ వాళ్లు.

దాన్ని మళ్లీ ఆర్డర్ పెట్టారు. డెవార్డాకి మాత్రం 5లో 3 ఇస్తాను. జల్లెడ కొలత రాసిచ్చే వాళ్ల కోసం వెతుకుతున్నాం.