మైక్రోసాఫ్ట్, యాహూ: విలీనమా, సెర్చ్ ఒప్పందమా?

2008 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ షేరుకు 31 డాలర్ల చొప్పున యాహూను 4,460 కోట్ల డాలర్లకు కొంటానంది. తర్వాత 33కు పెంచింది. యాహూ 37కు పట్టుబట్టింది, బేరం చెడింది. వాటాదారులకు వెంటనే లాభం కావాలంటే విలీనమే దారి.

ఇంజినీర్లకు మాత్రం అది నరకం. యాహూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషల మీద నడిచేది, మైక్రోసాఫ్ట్‌ది విండోస్. 1997లో మైక్రోసాఫ్ట్ కొన్న మెయిల్ సర్వీసు హాట్‌మెయిల్ ఒక్కదాన్ని విండోస్‌కు మార్చడానికే ఏళ్లు పట్టింది. పైగా రెండు మెయిళ్లు, రెండు మెసెంజర్లు. ఏది మూసినా దాన్ని వాడేవాళ్లు గూగుల్ వైపే వెళ్తారు.

2009 జులైలో రెండు కంపెనీలూ విలీనం లేకుండా చేసుకున్న సెర్చ్ ఒప్పందంలో ఆ బాధ లేదు. వెతికే పని మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌ది, యాహూ సైట్లలో వచ్చే సెర్చ్ ఆదాయంలో మొదటి ఐదేళ్లు 88 శాతం యాహూది. ఎవరి మెయిల్ ఐడీ కదలదు. వాడేవాళ్లకు ఇదే మేలు. అయితే సొంత సెర్చ్ ఇంజిన్‌ను వదులుకోవడం యాహూ చేసిన పెద్ద తప్పే.