దోపిడీ సొమ్ము: అక్కడికక్కడే తీసుకోవాలా, కాగితం మీద రాసుకోవాలా?

శత్రుదేశపు ఓడలను పట్టుకోవడానికి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని వెళ్లే ప్రైవేటు ఓడలు ఒకప్పుడు ఇంగ్లండులో చాలానే ఉండేవి. దొరికినదాంట్లో మామూలుగా మూడో వంతు నావికులది, మిగతాది ఓడ యజమానులది, పెట్టుబడి పెట్టినవాళ్లది. ఆ మూడో వంతు చేతికి ఎప్పుడొస్తుందన్న దగ్గరే గొడవ.

1592లో అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల దగ్గర పోర్చుగీసు ఓడ మాద్రే దె దేవుస్ దొరికింది. నిండా మిరియాలు, లవంగాలు, పట్టు, కస్తూరి. నావికులు లెక్కల దాకా ఆగలేదు, అందినంత మూటగట్టుకున్నారు. ఓడ ఇంగ్లండులోని డార్ట్‌మత్ రేవు చేరాక అక్కడి జనం కూడా చేతులు కలిపారు. ఆరా తీయడానికి బయల్దేరిన, ఎలిజబెత్ రాణి సలహాదారు రాబర్ట్ సెసిల్‌కు దారిలో ఎదురొచ్చినవాళ్ల దగ్గరే కస్తూరి వాసన గుప్పుమందట! ఈ యాత్రకు పెట్టుబడి పెట్టి, అప్పటికి జైల్లో ఉన్న వాల్టర్ రాలీని సైతం బయటికి తెచ్చి నావికులకు సర్దిచెప్పడానికి పంపారు. అంతా పోగా మిగిలిన సరుకు విలువే సుమారు 1,40,000 పౌండ్లు. అందులో సగానికి పైగా రాణికే పోయింది.

1708లో ఇలాంటి లైసెన్సుతోనే బ్రిస్టల్ నుంచి వెళ్లిన కెప్టెన్ వుడ్స్ రోజర్స్ పద్ధతి వేరు. ఏది ఎవరికి చెందుతుందో నడిసముద్రంలోనే రాయించి సంతకాలు పెట్టించాడు. 1709లో మనీలా నుంచి వస్తున్న స్పెయిన్ సరుకు ఓడ దొరికింది, ఆయన దవడలో తూటా దిగింది. 1711లో లండన్ చేరాక ఈస్టిండియా కంపెనీ అభ్యంతరాలు, కోర్టు కేసులు, ఖర్చుల కోతలు. నావికులు పార్లమెంటుకు కూడా మొరపెట్టుకున్నారు.

నన్నడిగితే నావికుడికి మొదటిదే మేలు. సోదాలో దొరికిపోతామన్న టెన్షన్ ఉన్నా, మిరియాల మూటకు వాయిదాలుండవు.