న్యాయమా, కనికరమా?

బైబిల్లోని మీకా గ్రంథం 6:8లో దేవుడు అడిగినవి మూడు: న్యాయంగా నడవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సు కలిగి ఉండడం. మొదటి రెండూ ఒకటేలే అనుకుంటాం. కాదు.

న్యాయం అంటే ఎదుటివాడికి చెందింది వాడికి ఇచ్చేయడం. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో కూలివాడి సంగతి చూడండి. పొద్దు గుంకకముందే కూలి చేతిలో పెట్టాలి, ఎందుకంటే వాడు దానిమీదే ఆశ పెట్టుకున్నాడు. ఇందులో మన దయ ఏమీ లేదు. అది వాడి డబ్బు.

కనికరం లెక్క దాటి వెళ్తుంది. పొలంలో పన (కోసి కట్టిన కంకుల కట్ట) మరచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవద్దని అదే అధ్యాయం చెబుతుంది. అది పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు. (ఇదీ ఆజ్ఞే అనుకోండి, రెండింటి మధ్య గోడ మరీ ఎత్తేం కాదు.)

ఏది ముందు అంటే నేను న్యాయమే అంటాను. కూలి ఎగ్గొట్టి ఆ డబ్బుతో కానుక వేస్తే అది కనికరం ఎలా అవుతుంది? యాకోబు పత్రిక 5:4లో ఆ బిగబట్టిన కూలే మొరపెడుతుంది.

అలాగని న్యాయం ఒక్కటే పట్టుకుంటే? మత్తయి సువార్త 18లో యేసు చెప్పిన కథ ఉంది. రాజు దగ్గర పదివేల తలాంతుల అప్పు, అంటే తీర్చలేనంత పెద్ద మొత్తం, మాఫీ అయిన దాసుడు, బయటికి రాగానే నూరు దేనారాల కోసం, అంటే దానిముందు లెక్కలోకి రాని సొమ్ము కోసం, తోటివాడి గొంతు పట్టుకున్నాడు. వాడు అడిగింది నిజమైన బాకీయే! కాగితం ప్రకారం తప్పు లేదు. తన అప్పు ఎలా తీరిందో మరిచిపోయాడంతే. దీనమనస్సు లేనిది అక్కడే.