‘ఎన్‌కైరిడియన్’ కొంటున్నారా? రెండో అధ్యాయం దాటేయకండి

మన చేతిలో లేనివాటికి కలవరపడకుండా బతకడం నేర్పే ప్రాచీన గ్రీకు-రోమన్ ఆలోచనా ధోరణి స్టోయిక్ తత్వం. దాని మీద ఒక్కటే పుస్తకం కొనాలంటే చాలామంది ముందుగా చెప్పే పేరు ఎపిక్టెటస్ ‘ఎన్‌కైరిడియన్’. 53 చిన్న అధ్యాయాలు, కొన్నైతే రెండు మూడు వాక్యాలే. గంటా గంటన్నరలో అయిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఎపిక్టెటస్ తన చేత్తో ఏమీ రాయలేదు. రోమ్‌లో బానిసగా బతికి, స్వేచ్ఛ పొంది, డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్లగొట్టాక గ్రీసులోని నికోపోలిస్‌లో బడి పెట్టాడు. శిష్యుడు అరియన్ ఆ పాఠాలను ‘ప్రసంగాలు’గా రాసిపెట్టి, వాటి సారంతో ఈ చేతిపుస్తకం కూర్చాడు. అంటే పాఠం విన్నవాడు మళ్లీ గుర్తుచేసుకోవడానికి తయారైన సరుకిది. ‘ఇలా చెయ్యి’ అని ఉంటుంది కానీ, ఎందుకు చెయ్యాలో చాలాచోట్ల ఉండదు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇందుకే.

మొదటి అధ్యాయం అందరికీ తెలిసిందే. మన అభిప్రాయం, పూనిక, కోరిక, ఏవగింపు మన చేతిలో ఉన్నవి. ఒళ్లు, ఆస్తి, పేరు, పదవి మన చేతిలో లేనివి. దాని చివర్లో ఒక పద్ధతి ఉంది. చేదు తలపు ఏదైనా రాగానే, ‘నువ్వు నాకు తోచినదానివే, అసలు సంగతివి కావు’ అనుకోవాలి. తర్వాత అది మన చేతిలో ఉన్నదా లేనిదా పరీక్షించాలి. లేనిదైతేనే ‘నాకు పట్టదు’ అనాలి. జనం మొదటి రెండు మెట్లు ఎక్కకుండా మూడోదాని మీదికి దూకుతారు. దాంతో నిబ్బరం రావాల్సిన చోట నిర్లక్ష్యం వస్తుంది. ‘నాకు పట్టదు’ అన్న మాటకు అర్థం అది నా మంచిచెడ్డలను తేల్చదని మాత్రమే, దాని గురించి చేయాల్సిన పని మానేయమని కాదు.

రెండో అధ్యాయం దగ్గర పేజీ తిప్పేయకండి. ప్రస్తుతానికి కోరికను పూర్తిగా పక్కన పెట్టమని కొత్తవాళ్లకు ఎపిక్టెటస్ అక్కడే చెబుతాడు. ఏ పనికి పూనుకున్నా తేలిగ్గా, పట్టు బిగించకుండా పూనుకోమంటాడు. దీన్ని వదిలేసినవాళ్లు ‘ప్రశాంతత’నే కొత్త కోరికగా తగిలించుకుని, అది దొరకలేదని మళ్లీ చిరాకుపడతారు.

నా లెక్కన పుస్తకం మొత్తంలో బాగా పనిచేసేది నాలుగో అధ్యాయం. స్నానశాలకు బయల్దేరుతున్నావు. అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, బట్టలు కొట్టేసేవాళ్లు ఉంటారని ముందే తలుచుకో. ఆపైన ‘నాకు స్నానమూ కావాలి, నా బుద్ధి నిలకడగా ఉండటమూ కావాలి’ అని చెప్పుకో. సరిగ్గా గుమ్మం దాటేముందు చేసే పని ఇది. ముందురోజు రాత్రే జాబితా వేసుకుంటే, పైగా రెండో వాక్యం మరిచిపోతే, మిగిలేది ఒట్టి దిగులు. సాధనను పెద్ద కష్టాలతో మొదలుపెట్టకండి. మూడో అధ్యాయం ఇష్టమైన కుండ పగలడంతో మొదలై పిల్లల్ని పోగొట్టుకోవడం దాకా వెళ్తుంది, 12వది ఒలికిన నూనె చుక్కతో మొదలెట్టమంటుంది. ఆ వరస ఊరికే పెట్టింది కాదు.

ఐదో అధ్యాయానికి మాత్రం జనం చాలా అన్యాయం చేశారు. మనుషుల్ని కలవరపెట్టేది సంగతులు కాదు, వాటి మీద వాళ్ల అభిప్రాయాలే అన్న వాక్యం గోడల మీద పోస్టరైపోయింది. అధ్యాయం అక్కడితో ఆగదు. చదువు లేనివాడు ఎదుటివాణ్ని నిందిస్తాడు, చదువు మొదలైనవాడు తనను తాను నిందించుకుంటాడు, చదువు పూర్తయినవాడు ఎవరినీ నిందించడు అని ముగుస్తుంది. ఈ చివరి భాగం లేకపోతే ఆ వాక్యం, బాధలో ఉన్నవాడి నోరు మూయించడానికి మహా వీలుగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. 11, 16 అధ్యాయాలను ఈమధ్యే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల చేతిలో పెట్టకండి. ‘పోగొట్టుకున్నాను అనకు, తిరిగి ఇచ్చేశాను అను’ అన్న మాట సందర్భం లేకుండా వింటే కర్కశంగానే ఉంటుంది. ‘ప్రసంగాలు’ మొదటి సంపుటం 11వ ప్రసంగంలో, జబ్బుపడ్డ కూతుర్ని చూడలేక ఇంట్లోంచి వెళ్లిపోయిన తండ్రితో ఎపిక్టెటస్ ఓపిగ్గా మాట్లాడతాడు. అందరూ నీలాగే ప్రేమతో పారిపోతే ఆ పిల్ల దగ్గర ఎవరుంటారని నిలదీస్తాడు. ఆ ఆర్ద్రత చేతిపుస్తకంలోకి రాలేదు. బంధాల ప్రకారం బాధ్యతలు చెప్పే 30వ అధ్యాయాన్ని, అన్నదమ్ముడు తప్పు చేసినా ఆ సంగతిని ‘తప్పు చేశాడు’ అన్న పిడితో కాక ‘కలిసి పెరిగినవాడు’ అన్న పిడితో పట్టుకోమనే 43వదాన్ని కలిపి చదివితే కొంత సర్దుకుంటుంది.

రాత్రి పడుకోబోయేముందు ఆ రోజును తిరగేసి చూసుకునే సాధన కూడా ఇందులో లేదు. అది కావాలంటే మరో రోమన్ స్టోయిక్ సెనెకా కోపం మీద రాసిన గ్రంథంలో మూడో భాగం చూడాలి.

ఏ ప్రతి కొనాలి? వీలుంటే ‘ప్రసంగాలు’తో కలిపి వేసింది. గ్రీకు మూలం పక్కనే కావాలంటే, ప్రాచీన గ్రంథాలను మూలంతో పాటు ఇంగ్లిష్‌లో వేసే లోబ్ వారి ఎపిక్టెటస్ రెండో సంపుటం, 1928 నాటి ఓల్డ్‌ఫాదర్ అనువాదం. ఖర్చు వద్దనుకుంటే 1758 నాటి ఎలిజబెత్ కార్టర్ ఇంగ్లిష్ అనువాదం నెట్‌లో ఉచితం, భాష మాత్రం పాతది. ఏరిన సూక్తుల సంకలనాల జోలికి వెళ్లకండి. అధ్యాయాల నంబర్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. వ్యాఖ్యానాలన్నీ నంబర్లతోనే నడుస్తాయి, ముద్రణను బట్టి ఒకటి అటూ ఇటూ కావొచ్చు.