పన్నెండేళ్లు టైమ్‌షేర్ వాడాక: మా ఇంటి లెక్క

టైమ్‌షేర్ అంటే ముందే డబ్బు కట్టి, ఏటా కొన్ని రాత్రులు రిసార్టు గది వాడుకునే హక్కు కొనుక్కోవడం. మా దగ్గర ఉన్నది 25 ఏళ్ల హాలిడే మెంబర్‌షిప్. 2013 ఆగస్టులో తీసుకున్నాం. ఏడాదికి ఏడు రాత్రులు, ఆ కంపెనీ రిసార్టుల్లో ఎక్కడైనా ఒక స్టూడియో గది, మధ్య సీజన్ (పెద్ద సెలవుల రద్దీ లేని రోజులు). ఇప్పటికి పన్నెండేళ్లు వాడాం. తీసుకోవాలా వద్దా అని తెలిసినవాళ్లు అడిగినప్పుడల్లా ఫోన్‌లో గంటసేపు చెబుతున్నాను. అదంతా ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది. నేను చెప్పే విషయాలు చాలావరకు ఏ కంపెనీ మెంబర్‌షిప్‌కైనా వర్తిస్తాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మా ఇంటి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే లెక్క అంతా దాని మీదే ఆధారపడింది. హైదరాబాద్‌లో ఉంటాం. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, కొన్నప్పుడు అయిదేళ్లు ఒకరికి, రెండేళ్లు ఒకరికి. అత్తయ్య మాతోనే ఉంటారు.

షాపింగ్ మాల్‌లో కూపన్ నింపితే వారానికి ఫోన్ వచ్చింది. బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ కలిసి రావాలి అన్నారు. ఒక హోటల్ హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టారు. కంపెనీ తరఫున మాట్లాడిన అబ్బాయి తెల్ల కాగితం మీద పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాడు: ఏడు రాత్రులు, రాత్రికి 8,000, ఏడాదికి 56,000, ఇరవై అయిదేళ్లకు 14 లక్షలు. దాని కింద గీత గీసి, మీరు కట్టేది 2,95,000 మాత్రమే అని రాసి గుండ్రంగా చుట్టాడు. ఏడాదికోసారి కట్టే మెయింటెనెన్స్ గురించి ఆ కాగితం మీద ఒక్క అంకె లేదు. నేనడిగితే, "అది చిన్న అమౌంట్ మేడమ్, కరెంటు బిల్లు లాంటిది" అన్నాడు. సీజన్ గురించి అడిగితే, "మధ్య సీజన్ తీసుకోండి, కావాలంటే తర్వాత అడ్జస్ట్ చేసుకోవచ్చు" అన్నాడు. ఆ రోజే సంతకం పెడితే తగ్గింపు, రేపైతే లేదు. పెట్టేశాం. ఒప్పందంలో పది రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చనే నిబంధన ఉందని ఏడాది తర్వాత ఫైలు తిరగేస్తుంటే కనబడింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు అక్కడ టైమ్‌షేర్ కొనబోయి మానుకుంది. అక్కడి ఫ్లోరిడా రాష్ట్రంలో అయితే ఆ పది రోజుల హక్కు చట్టంలోనే ఉందని అది చెబితే తెలిసింది. మన దగ్గర సంతకం పెట్టేముందు ఒప్పందంలో ఆ గడువు ఎంతో వెతికి చూసుకోవాలి.

ఇంకొక మాట ఆ హాల్లో చాలాసార్లు వినిపించింది, "ఇది ఆస్తి లాంటిదే సార్" అని. కాదు. మా చేతికొచ్చింది వాడుకునే హక్కు. రిజిస్ట్రేషన్ లేదు, మన పేరు మీద గది లేదు, అమ్ముకోవడానికి స్థలం లేదు. పాతికేళ్లు అయ్యాక ఏమీ మిగలదు.

ఇంత చెప్పాక కూడా మొదటి ఆరేళ్లు మేం చాలా సుఖపడ్డాం. 2014లో ఆగస్టు 15 శుక్రవారం పడింది. రెండు రోజులు సెలవు కలిపి కాచిగూడలో మైసూరు రైలెక్కాం. అక్కడి నుంచి మడికేరికి కారులో 120 కిలోమీటర్లు. కొడగులో వాన. కిటికీ అవతల సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. తరగతి గదిలో బొమ్మ గీసి చెప్పే ఆరోహక వేర్లను పిల్లల చేత ముట్టించి చూపించాను. గదిలో చిన్న వంటగది ఉంది: రెండు బర్నర్ల స్టవ్, నాలుగు గిన్నెలు, చిన్న ఫ్రిజ్. అత్తయ్య ఇంటి నుంచి చారుపొడి, ఆవకాయ, సన్నబియ్యం తెచ్చుకున్నారు. రెండో రోజు రాత్రి వాన పడుతుంటే మిరియాల చారు పెట్టారు, పొద్దున తోట దగ్గర కొన్న మిరియాలు దంచి. చిన్నవాడు అన్నం మెత్తగా కలిపి పెడితే తిని అక్కడే నిద్రపోయాడు. హోటల్ గదిలో అయితే చంటిపిల్లాడికి పాలు వెచ్చబెట్టడానికి కూడా రూమ్ సర్వీస్‌కి ఫోన్ చేయాలి. నా దృష్టిలో ఈ మెంబర్‌షిప్‌లో అన్నింటికంటే విలువైనది ఆ వంటగదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, పాలు తాగే పిల్లాడు ఉన్న ఇంటికి అది మామూలు సౌకర్యం కాదు.

ఇంకొకటి కూడా నిజం. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి వెళ్లాం. లేకపోతే మావారు "వచ్చే ఏడాది చూద్దాంలే" అనే మనిషి. 2014 నుంచి 2019 వరకు మాకు వచ్చిన 42 రాత్రుల్లో 38 వాడుకున్నాం. ఊటీ, మున్నార్, గోవా అలా చూసినవే. పిల్లలు చిన్న తరగతుల్లో ఉండగా బడి నాలుగు రోజులు మాన్పించడం పెద్ద విషయం కాదు. నేను క్యాజువల్ లీవులు దాచుకునేదాన్ని. మధ్య సీజన్‌లో, అంటే రిసార్టులు సగం ఖాళీగా ఉండే రోజుల్లో, అడిగిన గది అడిగినట్టు దొరికేది.

పెద్దది అయిదో తరగతికి వచ్చేసరికి కథ మారింది. మా ఇద్దరి సెలవులు, పిల్లల సెలవులు కలిసేది మూడే చోట్ల: దసరా, సంక్రాంతి, వేసవి. ఆ మూడూ రద్దీ సీజన్. మా మెంబర్‌షిప్ మధ్య సీజన్. 2018 దసరాకి నాలుగు నెలల ముందు బుకింగ్ తెరుచుకునే రాత్రి పన్నెండింటికి నేను ల్యాప్‌టాప్ ముందు, మావారు ఫోన్ ముందు కూర్చున్నాం. రద్దీ సీజన్‌కి మారాలంటే మా ఏడు రాత్రులు నాలుగవుతాయి. సరే అనుకున్నాం. కొడగు వెయిటింగ్ లిస్ట్. మున్నార్ వెయిటింగ్ లిస్ట్. ఊటీ, గోవా అంతే. దొరికినవి విమానం ఎక్కితే తప్ప చేరలేని చోట్లు. అయిదుగురికి విమాన టికెట్ల ఖర్చు చూసి మానుకున్నాం. ఆ దసరా అమ్మావాళ్ల ఊళ్లోనే గడిచింది. అక్కడ పిల్లలు హాయిగానే ఉన్నారు. కానీ ఆ ఏడాది మెయింటెనెన్స్ మాత్రం కట్టాం.

మెయింటెనెన్స్ గురించి వివరంగా చెబుతాను, తీసుకునే ప్రతివాళ్లూ చూడాల్సింది అదే. 2014లో మేం కట్టింది 11,500. 2025లో పన్నుతో కలిపి 26,800. అంటే ఏటా సగటున ఎనిమిది శాతం పెరిగింది. మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాల్సిందే. కట్టకపోతే బుకింగ్ ఆగిపోతుంది. కరోనా వల్ల 2020, 2021లో గుమ్మం దాటలేదు, బిల్లు మాత్రం రెండేళ్లూ వచ్చింది. వాడని రాత్రులు కొన్ని ముందుకు జరిపారు కానీ వాటికీ గడువు పెట్టారు.

మొత్తం లెక్క ఇది. 50,000 ముందు కట్టి, మిగతాది నెలకు 6,300 చొప్పున 48 నెలలు కట్టాం. వడ్డీతో కలిపి 3,52,400 అయింది. పన్నెండేళ్ల మెయింటెనెన్స్ సుమారు 2,18,000. మెంబర్‌షిప్ ఇంకా పదమూడేళ్లు ఉంది కాబట్టి న్యాయంగా చూస్తే మొదటి మొత్తంలో 12 ఏళ్ల వాటా 1,69,000 మాత్రమే లెక్కేయాలి. రెండూ కలిపితే 3,87,000. మేం వాడింది 53 రాత్రులు. రాత్రికి 7,300 పడింది. 84 రాత్రులూ వాడి ఉంటే రాత్రికి 4,600 పడేది. ఈ రెండు అంకెల మధ్య తేడాకి కారణం మేం వెళ్లలేకపోవడం ఒక్కటే. 3,52,000 బ్యాంకులో వేసి ఉంటే వచ్చే వడ్డీ ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతుంది.

పోల్చుకోవడానికి ఒక ఉదాహరణ. 2023 సెప్టెంబరులో మేం వెళ్లిన రిసార్టులోనే అదే రకం గది, అదే తేదీలకు, మెంబర్లు కానివాళ్లకి ఒక బుకింగ్ యాప్‌లో 6,200కి ఉంది, టిఫిన్‌తో సహా. మాకు టిఫిన్ వేరే. అది చూశాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. పన్నులోనూ తేడా వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 లోపు హోటల్ గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. నా మెయింటెనెన్స్ బిల్లు మీద 18 శాతం ఉంది.

తిండి ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. రిసార్టులు ఊరికి దూరంగా ఉంటాయి. బయటి నుంచి భోజనం తెప్పించుకోవడానికి కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఇప్పుడు కొత్తగా కట్టేవాటిలో స్టవ్ తీసేసి కరెంటు కెటిల్ పెడుతున్నారు, కాబట్టి బుక్ చేసేముందు ఫోన్ చేసి "గదిలో వంట చేసుకోవచ్చా" అని అడగాలి. మున్నార్‌లో వంటగది లేని గది వచ్చింది. మూడు రోజుల భోజనాల బిల్లు అందరి రైలు ఛార్జీల కంటే ఎక్కువైంది. అత్తయ్య ఆ బఫేలో రెండు ఇడ్లీలు, పెరుగన్నం తప్ప ఏమీ ముట్టలేదు, అయినా పూర్తి ధర కట్టాం.

రైలు టికెట్లతో ఇంకో చిక్కు. ఇదివరకు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు, గది కూడా అప్పుడే దొరికేది, రెండూ ఒకేసారి చేసుకునేవాళ్లం. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజులకు తగ్గించారు. ఇప్పుడు గది ముందు ఖాయం చేసుకుని, రెండు నెలల తర్వాత టికెట్ దొరుకుతుందో లేదో అనే టెన్షన్‌తో ఉండాలి. దొరక్కపోతే గది వెంటనే రద్దు చేయాలి, ఆఖరి పదిహేను రోజుల్లో రద్దు చేస్తే ఆ రాత్రులు పోయినట్టే. ఊటీ, కొడైకెనాల్ వెళ్లేవాళ్లు ఈ-పాస్ సంగతి కూడా చూసుకోండి. 2024 మే నుంచి అది ఉంటేనే బండి పైకి వెళ్లనిస్తున్నారు.

అసలు విషయం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒప్పందం పాతికేళ్లది, కానీ పిల్లలు మన వెంట సెలవులకు వచ్చేది మహా అయితే పదేళ్లు. మన తెలుగు ఇళ్లలో ఇంకా తక్కువ. తొమ్మిదో తరగతి నుంచే కోచింగ్ మొదలవుతుంది. పదో తరగతి, తర్వాత రెండేళ్ల ఇంటర్, ఆ పైన ఎంట్రెన్సులు. మా పెద్దది ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. దసరాకి దాని కాలేజీ ఇచ్చింది నాలుగు రోజులు. చిన్నవాడు తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది దాని పరీక్షలు అయిపోయేసరికి వాడి పదో తరగతి వస్తుంది. 2022 నుంచి ఇప్పటివరకు నాలుగేళ్లలో వాడింది 15 రాత్రులు.

వదిలించుకుందామని 2024లో ప్రయత్నించాం. సరెండర్ చేస్తే, అంటే కంపెనీకే తిరిగిచ్చేస్తే, ఎంత వస్తుందని అడిగితే, అన్ని కోతలూ పోగా కట్టినదాంట్లో చాలా కొద్ది అని చెప్పారు. మళ్లీ అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. కొత్తది కొనేవాళ్ల కోసం కంపెనీయే తిరుగుతుంటే పాతది ఎవరు కొంటారు? ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ మెంబర్‌షిప్ కొనడానికి పార్టీ సిద్ధంగా ఉంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి. మా కాలేజీలో ఒక మేడమ్ అలా 18,000 కట్టారు, తర్వాత ఆ నంబరు పలకలేదు. డబ్బు ఇవ్వాల్సినవాడు మనల్నే ముందు డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. కంపెనీతోనే తగాదా వస్తే, ఒప్పందంలో వేరే ఊరి కోర్టు పేరు రాసి ఉందని భయపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు.

మేం మాత్రం ఉంచుకున్నాం. పోయేదాని కంటే వచ్చేది తక్కువ కాబట్టి మొదట ఉంచాం, ఇప్పుడు వేరే కారణం కనబడుతోంది. మావారు 2027లో రిటైర్ అవుతారు. నాకు ఇంకా కొన్నేళ్ల సర్వీసు ఉన్నా, పిల్లల బడి క్యాలెండర్ మా నెత్తి మీద ఉండదు. జూలైలో, సెప్టెంబరులో ఎప్పుడంటే అప్పుడు వెళ్లగలిగే ఇద్దరు మనుషులకి మధ్య సీజన్ సరిగ్గా సరిపోతుంది. మా పక్క ఫ్లాట్ అంకుల్ గారు, ఆంటీ గారు అలాగే వాడుతున్నారు. ఏడు రాత్రులూ ఒకేచోట ఉంటారు, పొద్దున నడుస్తారు, వండుకుంటారు, ఒక్క రాత్రి వృథా పోనివ్వరు. వాళ్లకిది లాభమే. బడికి వెళ్లని చిన్నపిల్లలున్న ఇంటికీ లాభమే, కాకపోతే పాతికేళ్లది కాకుండా తక్కువ ఏళ్ల ఒప్పందం దొరికితేనే. బడి పిల్లలున్నవాళ్లు తీసుకుంటే రద్దీ సీజన్‌దే తీసుకోవాలి, ఆ ధర మోయలేకపోతే అసలు తీసుకోవద్దు.

మొన్న విశాఖ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాణ్ణి కూడా ఒక హోటల్ హాల్‌కి పిలిచారట. "సంతకం పెట్టకుండా బయటికి రా, గత అయిదేళ్లలో సెలవులు ఎక్కడ గడిపారో కాగితం మీద రాసి నాకు ఫొటో పెట్టు" అన్నాను. రాత్రి పంపాడు. ప్రతి సంక్రాంతి భీమవరంలో అత్తగారింట్లో. ప్రతి వేసవి పది రోజులు మా అమ్మ దగ్గర. ఏడాదికోసారి తిరుపతి, దర్శనం టికెట్లు ఏ తేదీకి దొరికితే ఆ తేదీకి. మాఘంలో, శ్రావణంలో పెళ్లిళ్లు. మిగిలింది డిసెంబరులో మూడు రోజులు, అది కూడా అయిదేళ్లలో రెండుసార్లు, రెండుసార్లూ అరకు.

"అక్కా, ఏడు రాత్రులు ఎక్కడున్నాయే నాకు?" అన్నాడు. ఆ మూడు రోజులకి అరకులో హోమ్‌స్టే చాలని తేల్చుకున్నాడు. టికెట్లు ఈ వారమే చేశాడట, పిల్లలకి కిటికీ పక్క సీట్లు వచ్చాయని చెప్పాడు.