కొత్త పెట్టెలో పాత షూస్: వైజాగ్‌లో ప్రయాణానికి కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

మేం కేదార్‌నాథ్ వెళ్ళొచ్చి మూడు వారాలైంది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా అమ్మకి 61 ఏళ్ళు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తుంది. 32 కిలోమీటర్లు, వట్టి కాళ్ళతో. నడక గురించి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ గౌరీకుండ్ నుంచి గుడి దాకా 16 కిలోమీటర్ల ఎక్కుడు, చలి, రాళ్ళు, గుర్రాల పేడతో జారే దారి అని విని, నేనే పట్టుబట్టి మంచి షూస్ కొనిపించాను. ఆ “నువ్వే పట్టుబట్టావు” అన్న మాట అమ్మ నోట ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కొన్నది జగదాంబ ప్రాంతంలో ఒక దుకాణంలో. పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఆ ఒక్క చోటే ఉంటుందని నేననుకోవడం లేదు. పైన బ్యాగులు, కింద సెల్లార్‌లో చెప్పులు, షూస్, గుమ్మంలో “సగం ధర” బోర్డు. సెల్లార్ మెట్లు దిగుతుంటేనే, వానాకాలంలో బీరువా తలుపు తీస్తే కొట్టే ముక్క వాసన వచ్చింది. ఆ వాసనకే నేను వెనక్కి తిరగాల్సింది.

కుర్రాడు మాత్రం చాలా మర్యాదస్తుడు. “పెద్దమ్మా, దూదిలా ఉంటాయి, ఓసారి వేసుకుని చూడండి” అని తనే కింద కూర్చుని లేసులు కట్టాడు. అమ్మ నాలుగడుగులు వేసి “షూసు బానే ఉంది నాయనా, ధరే బాలేదు” అంది. 4,999 ఎమ్మార్పీ మీద 2,500కి ఇచ్చారు. దాంతోపాటు ట్రాలీ బ్యాగ్ కూడా తీసుకుంటే ఇంకో 300 తగ్గిస్తామంటే అది 2,900కి తీసుకున్నాం. బిల్లు ఇవ్వమంటే తెల్ల చీటీ మీద “ఎస్టిమేట్” అని రాసిచ్చారు. కింద అచ్చేసి ఉంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

బ్యాగ్ సంగతి ముందు తేల్చేస్తాను. ఢిల్లీలో దిగి బెల్టు మీద నుంచి తీసుకుని లాగుతుంటే టకటకా ఒకటే చప్పుడు. మా ఆయన వెనక్కి చూస్తే దారి పొడుగునా నల్లటి పెచ్చులు. చక్రాల మీద మెత్తటి తొడుగు ఉంటుంది చూడండి, అది నాలుగింటికీ ఊడి రాలిపోయింది. మిగిలింది గట్టి ప్లాస్టిక్. హరిద్వార్ స్టేషన్‌లో ఆ చప్పుడుకి కుక్కలు మొరిగాయి. సరే, చవకలో కొన్నాం, ఇంతే అని సరిపెట్టుకున్నాం. అప్పటికి షూస్ బ్యాగ్‌లోనే ఉన్నాయి, అమ్మ చెప్పులతోనే వచ్చింది.

షూస్ తీసింది గౌరీకుండ్‌లో. భీంబలి దాటాక కాసేపు సన్నగా జల్లు పడింది. అమ్మ కుడికాలు ‘చప్ చప్’మనడం మొదలైంది. నీళ్ళు దూరాయేమో అనుకుని వంగి చూశాను. మడమ దగ్గర అడుగు నోరు తెరుచుకుని ఉంది. లోపల పసుపురంగు పదార్థం వేలితో ముట్టుకుంటే రస్కు పొడిలా రాలింది, తడి తగిలిన చోట జిగురుగా అంటుకుంది. పది అడుగులు వేసేసరికి అడుగు మొత్తం దారి మీద ఉండిపోయింది. అరగంటలో ఎడమది కూడా. విచిత్రం ఏమిటంటే పైభాగానికి ఏమీ కాలేదు. ఒక్క కుట్టు ఊడలేదు, లేసులు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి.

గుర్రం తోలే కుర్రాడొకడు చూసి, ఏమీ అడక్కుండానే నడుముకి చుట్టుకున్న నైలాన్ తాడు కోసి ఇచ్చాడు. ఊడిన అడుగుల్ని ఆ తాడుతో పాదాలకి కట్టాం. అమ్మ బండరాయి మీద కూర్చుని నా వైపు చూసి, “అప్పన్న కొండ చుట్టూ వట్టి కాళ్ళతో తిరిగొచ్చాను. ఈయన దగ్గరికొచ్చేసరికి బూట్లు కొన్నావు” అంది. లించోలీ దాకా అలాగే ఈడ్చుకుంటూ వెళ్ళాం. అక్కడ కొట్లో రబ్బరు షూస్ 350కి దొరికాయి. పైకి చేరేసరికి చీకటి పడింది. దర్శనం మాత్రం బాగా అయింది.

ఇంటికొచ్చాక అట్టపెట్టె వెతికి తీశాను. ధర స్టిక్కర్ కొంచెం ఎత్తుగా కనిపించింది. గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్. పైదాని మీద తయారీ నెల నిరుటిది. కిందదాని మీద చూస్తే మేం కొనేనాటికే ఐదేళ్ళు దాటింది. “నయం, హుద్‌హుద్ తుఫానుకి ముందుది అంటగట్టలేదు” అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకి చూపిస్తే, చేతిలోకి తీసుకోకుండానే తల అడ్డంగా ఊపాడు. “ఇది అతకదమ్మా. గమ్ము పట్టాలంటే అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా, ఇదంతా పిండి” అన్నాడు. అమెరికా నుంచి కొడుకు పంపినవి దాచుకుని దాచుకుని, ఒక్క పెళ్ళికి వేసుకుంటే మండపంలోనే ఊడినవి కూడా తన దగ్గరికి వస్తుంటాయట.

అసలు కారణం ఇదీ. షూ పైభాగానికీ నేలకి తగిలే రబ్బరుకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది. చాలావాటిలో అది పాలీయూరిథేన్, దుకాణాల్లో పీయూ అంటారు. తేలిగ్గా ఉంటుంది, కాళ్ళకి హాయి. కానీ గాలిలోని తేమ ఏళ్ళ తరబడి దాని అణువుల గొలుసుల్ని తెంపుతూ పోతుంది. దీన్ని హైడ్రాలసిస్ అంటారు. వేడి, ఉక్క ఉంటే ఇంకా త్వరగా జరుగుతుంది. వేసుకోకుండా పెట్టెలో పెట్టినా జరుగుతుంది. తేమ పీల్చడానికి పెట్టెలో పెట్టే ఆ చిన్న పొట్లాలు దీన్ని ఆపలేవు. బీరువాలో దాచిన రెక్సిన్ హ్యాండ్‌బ్యాగ్ పొలుసులు పొలుసులుగా రాలడం మనందరం చూసిందే, చాలాసార్లు అది కూడా ఇదే జబ్బు. చక్రాల మెత్తటి తొడుగు కూడా తరచూ ఈ జాతి పదార్థమే. ఇక సముద్రం ఒడ్డున, మూసిన సెల్లార్‌లో ఐదేళ్ళంటే చెప్పేదేముంది. నా బ్యాగూ షూసూ ఒకే రోజు చెడిపోలేదు, రెండూ ఆ దుకాణంలోనే చెడిపోయి ఉన్నాయి.

కాబట్టి ఎవరైనా కొనేముందు పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. ప్యాక్ చేసిన సరుకు మీద అవి ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల్లోనే ఉంది. ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు గానీ, అసలు ఎమ్మార్పీని కప్పకూడదు. తేదీ మార్చడానికైతే స్టిక్కర్ వేయనే కూడదు. స్టిక్కర్ మీద స్టిక్కర్ కనిపిస్తే అక్కడే గోటితో లేపి చూడండి, మొహమాటం వద్దు. తర్వాత షూ అడుగుని పక్క నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. వెంటనే పైకి లేవాలి. నొక్కిన గుంట అలాగే ఉన్నా, జిగురు తగిలినా, సన్నటి గీతలు పడినా పక్కన పెట్టేయండి. ముందు భాగాన్ని రెండు చేతులతో వంచి, అతుకు దగ్గర నోరు తెరుస్తోందేమో చూడండి. మధ్య పొర ఈవీఏ (ఇంకో రకం మెత్తటి నురుగు పదార్థం) అని ఉంటే ఈ తేమ జబ్బు ఉండదు, కాకపోతే వాడేకొద్దీ అణుగుతుంది. ట్రాలీ చక్రాలకీ అదే పరీక్ష: మెత్తటి తొడుగుని గోటితో గీకండి, పెచ్చు లేస్తే వదిలేయండి.

ఇంకోటి, షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ప్రయాణంలో వేసుకునే మేజోళ్ళతోనే వేసి చూడండి. దిగుడులో వేళ్ళు ముందుకి తన్నుకుంటాయి కాబట్టి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మేం చేసిన తప్పు మీరు చేయకండి. కొత్తవి దాచిపెట్టి కొండ కింద తీయడం కాదు, కనీసం రెండు వారాలు వాటితోనే బీచ్ రోడ్డులో నడవండి. మా అమ్మ అలా నడిచి ఉంటే అవి ఆర్కే బీచ్‌లోనే ఊడిపోయేవి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేవాళ్ళం.

దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు తల దించుకున్నాడు, యజమాని మాత్రం “కొండలెక్కితే ఊడవా మేడమ్, షూస్‌కి గ్యారంటీ ఏటుంటాది” అన్నాడు. రెండు స్టిక్కర్లూ చూపిస్తే అది కంపెనీ నుంచే అలా వచ్చిందన్నాడు. “వాపసు తీసుకోబడదు” అన్న అచ్చుని వేలితో చూపించాడు. నిజానికి ఆ అచ్చుతో అతను తప్పించుకోలేడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. చీటీ నిలబడుతుందో లేదోనని టెన్షన్ పడ్డాను గానీ, యూపీఐలో కట్టాం కాబట్టి డబ్బు ఎవరికి వెళ్ళిందో ఫోన్‌లోనే ఉంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. స్టిక్కర్ల ఫొటోలు, చీటీ, భీంబలి దగ్గర తీసిన ఊడిన అడుగు ఫొటో పంపాను. పదో రోజున యజమానే ఫోన్ చేసి షూస్ డబ్బు 2,500 వేశాడు. బ్యాగ్‌కి చక్రాలు మారుస్తానంటున్నాడు, నేను డబ్బే కావాలంటున్నాను. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు కూడా లేదు.

నిన్న సాయంత్రం అటు వెళ్తూ గుమ్మంలోకి తొంగి చూశాను. “సగం ధర” బోర్డు అలాగే ఉంది. అదే రంగు అట్టపెట్టెలు ఈసారి సెల్లార్‌లో కాదు, గుమ్మం పక్కనే వరసగా పేర్చి ఉన్నాయి.